ఎడమ ధార

షెఫీల్డ్‌లో నవంబరు, పొద్దున్న ఏడైనా చీకటే.
ట్రామ్ దిగి ఆసుపత్రి కొండెక్కుతూ
కోటు జేబులో దారానికి ముడులు వేస్తాను
ఒంటిచేత్తో, చూడకుండా.
ఎదురొచ్చేవాళ్లు ఈవిడేం పిసుకుతోందో అనుకుంటారు.

ఫెలోషిప్‌లో ఇది నాలుగో నెల.
పదకొండేళ్లు పురుళ్లు పోసిన చేతులకి
మళ్లీ ఓనమాలు.
మొదటివారం స్పాంజి, తరవాత కోడి తొడ,
ఆ తరవాత ఎద్దు నాలుక మీద కుట్లు.
ఆ పూట అన్నం సయించలేదు.

నేర్పేది మిస్ ఒయెలరాన్.
ఈ దేశంలో సర్జన్ అయ్యాక
డాక్టర్ అన్న మాట ఊడిపోతుంది, ఉత్త మిస్ మిగులుతుంది.
"కళ్లతో వెతక్కు, వేలితో విను" అంటుంది.
వేలి కొసకి ఎముక ముల్లు తగలాలి,
దాన్ని పట్టుకుని తాడులాంటి లిగమెంటు,
దాని వెనకే ముట్టుకోకూడని రక్తనాళం.
చీకట్లో సొంత వంటింట్లో ఉప్పుడబ్బా వెతికినట్టు
అన్నీ తెలిసుండాలి.

కత్తి కంటే ముందు
చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్పింది.
మేవిస్ స్టానిఫోర్త్, డెబ్భై నాలుగు,
పదిహేనో ఏట చెంచాలకు మెరుగుపెట్టే కార్ఖానాలో చేరిన మనిషి,
"డౌన్ బిలో..." అని ఆగిపోయింది.
కర్నూలు పెద్దాసుపత్రిలో
కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డవాళ్లూ
అంతే అనేవాళ్లు: "కిందమ్మా... కింద."
ఆ మెట్లు ఏ భాషా దిగలేదు.

మూడు రోజుల మూత్రం డైరీ రాసి తెచ్చింది, గుండ్రటి అక్షరాలు.
ఆరు గంటలకి టీ, పెద్ద మగ్గు.
ఆరూ ఇరవై, తలుపు దాకా వెళ్లేలోపే.
మంగళవారం: చిన్నది నవ్వించింది.
అక్కడ కలం కాస్త గట్టిగా నొక్కుకుంది.
"జారడం ఎప్పట్నుంచి?"
"మూడోవాడు పుట్టాక."
మూడోవాడికి నలభై ఆరు.

థియేటర్లో గర్భసంచి తీశాక
పైకప్పుని రెండు పక్కలా ఎత్తి కట్టాలి.
కుడి కుట్టు ఆవిడది, ఎడమది నాది.
ముడి బిగుస్తుంటే నాకే ముచ్చటేసింది.

నరంలోకి రంగు మందు, మూత్రాశయంలోకి కెమెరా.
తెర మీద గులాబి లోయ, అందులో రెండు చిన్న నోళ్లు.
కిడ్నీల నుంచి దారి తెరిచే ఉందని
అవి చెప్పాలి మాకు.
కుడిది చెప్పింది,
గడప మీద పసుపునీళ్లు చిలకరించినట్టు.
ఎడమది చెప్పలేదు.

ఒక నిమిషం.
మత్తు డాక్టరు సెలైన్ వేగం పెంచాడు.
నాలుగు.
రేడియోలో ఎవరో రేపటి వాన గురించి.
పది.
మిస్ ఒయెలరాన్ నా మొహం చూడలేదు.
కత్తెర చాచింది.

దారం తెగితే చప్పుడుండదు. నాకు వినపడింది.
తెర మీద ఎడమ నోరు వణికింది,
వానపాము ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి
అడ్డంగా, ఒక్కటే, పచ్చటి ధార.
చప్పట్లేం లేవు. నర్సు ఐయోనా కొత్త దారం అందించింది.
"ఒక సెంటీమీటరు ఇవతలికి" అంది ఆవిడ, అంతే.

రాత్రి లాగ్‌బుక్ అడిగింది:
పర్యవేక్షణలో చేశారా, స్వయంగా చేశారా?
కోసేసింది స్వయంగా అని రాయడానికి గడి లేదు.

ఆరు వారాలకి మేవిస్ వచ్చింది.
జారడం లేదట. నవ్వితే మాత్రం ఇంకా రెండు చుక్కలు.
"నీ కుట్టేది?"
"ఎడమది. మొదట వేసింది కోసేసి మళ్లీ వేశాను."
నా చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగుకేసి తిప్పింది,
చెంచాని చూసినట్టు.
"గీత కనపడితే మా మేస్త్రమ్మ మళ్లీ చక్రం మీదికి పంపేది."
"జీతం కూడా కోసేదా?"
"ఊరుకుంటుందా మరి!"
ఇద్దరం నవ్వాం.
ఆవిడ గభాల్న కాలు మీద కాలు వేసుకుంది.