వాటర్ పంపు

మా మెటడోర్‌కు దప్పిక ఎక్కువ.
గుత్తి దాటేసరికి ఒక బిందె,
పామిడి కాడ ఇంకోటి.
అనంతపురం పొలిమేరలో పొగలు కక్కి
రోడ్డు పక్కన కూలబడింది
ఎండకు మొండికేసిన ఎద్దు మాదిరి.

బండంటే బండి కాదప్పా, ఇల్లు.
వెనక సీట్లు పీకేసి మంచం బిగించినాం.
మంచం కింద రింగులు, సబ్బులు, గాజు గ్లాసులు,
చక్రం తిరగని బొమ్మ కార్లు.
జాతర జాతరకూ పోయి
పది రూపాయలకు మూడు రింగులిచ్చి
జనం ఆశ మీద బతికే సంసారం.
కుళ్లాయమ్మ చారుకు తాలింపు పెడితే
స్టీరింగుకు గూడా ఇంగువ వాసన.

గుగూడు పీర్లకు ఇంకా తొమ్మిది దినాలు.

మొదటి అంగట్లో పిల్లోడు
ఫోన్లోంచి తలెత్తకుండా "ఏ మోడలు?" అన్నాడు.
చెప్పినా.
అప్పుడు తలెత్తినాడు,
చచ్చినోని పేరు చెప్పి
ఇంట్లో ఉన్నాడా అని నేనడిగినట్టు.

రెండో అంగట్లో కొత్త డబ్బా.
మెరిసే స్టిక్కరు, నాలుగు భాషల్లో గ్యారంటీ.
పరీక్షకని రాప్తాడు దాకా తోలినా.
స్టిక్కరొకటే ఊడలేదు.

మూడోవాడు బెంగళూరు నుంచి తెప్పిస్తానని
అడ్వాన్సు కట్టించుకున్నాడు.
ఆ నంబరు కొడితే ఇప్పుడు
పాట వస్తాది, మనిషి రాడు.

గుజరీలో బాబాఫకృద్దీన్
తుమ్మచెట్ల నీడకు పిల్చుకపోయినాడు.
టైర్లు లేని మెటడోర్లు మూడు,
నేల మీద కడుపు ఆనిచ్చి.
ఒకటి బడి వ్యాను. ఒకదాని నిండా తేనెటీగలు.
మూడోదాంట్లోకి తొంగి చూస్తే
అద్దం మీద వరసగా బొట్టుబిళ్లలు,
పైకప్పుకు ఊయల కొక్కెం.
దీంట్లో గూడా ఎవరో కాపురమున్నారు.
పంపు విప్పుతాంటే
పక్కింట్లో అడక్కుండా ఉప్పు తీసినట్టు
చెయ్యి ఒకింత ఎనక్కి తగ్గింది.

తక్కెట్లో పెట్టి ఇనుము రేటు చెప్పినాడు.
"కొక్కెం గూడా కావాల్నా?"
మా పిల్లలు పెద్దోళ్లయినారు, వద్దులే, అన్నా.
గేటు దాకా వచ్చి
మళ్లీ వెనక్కి పోయి తెచ్చుకున్నా.
ఎందుకో అడగొద్దు.

రైలు గేటు కాడ తిప్పేస్వామి లేతు.
పంపును చెవి కాడ పెట్టుకుని తిప్పినాడు,
కళింగరకాయ తట్టి చూసినట్టు.
"బాడీ బంగారం. బుష్షు పోయింది. తిప్పిస్తా."
మూడు గంటలు.
మోచేతుల మీద ఇత్తడి పొట్టు చమ్కీ మాదిరి.
అంతా అయినాక ఉలి తీసుకుని
పంపు పక్కన తన పేరు,
పేరు కింద ఫోన్ నంబరు చెక్కినాడు.

"కంపెనీని తిడితే కంపెనీకి ఇనపడదు సామీ.
దావలో ఆగితే నన్ను తిట్టు. ఇనపడతాది."

కారదా? అన్నా.

"కారతాది. గంటకొక చుక్క.
కారనీ.
చుక్క గూడా రాలేదంటే
లోపల కాలిపోతాండాదని అర్థం."

గుగూడులో రాత్రి,
అగ్నిగుండం పొగ కళ్లల్లో,
రింగులన్నీ ఆ కొక్కేనికే తగిలించి పడుకున్నాం.
బండి కింద కుళ్లాయమ్మ పెట్టిన స్టీలు గ్లాసులో
టప్పుమని ఒకటి.
"పడిందా?" అంటాది నిద్రలోనే.
పడింది పండుకో, అంటా.
ఇంకో చుక్కకని ఇద్దరం మేలుకోనే ఉంటాం.

తెల్లారి గ్లాసు చూస్తే అడుగు తడిసింది, అంతే.
బండి చల్లగా ఉండాది.
అయినా తిప్పేస్వామికి ఫోన్ కొట్టినా
ఊరికే, తిడదామని.

రెండో రింగుకే ఎత్తినాడు.