గంటల పుస్తకం

మిషన్ అమ్మేశాక
ఇంట్లో మిగిలినవి రెండు:
గ్రీజు గన్ను, గంటల పుస్తకం.

గన్ను మస్తాన్ పట్టుకుపోతానన్నాడు,
పట్టుకుపొమ్మన్నాను.
పుస్తకం ఎవరికీ పనికిరాదు.
అట్ట మీద ఎరువుల కొట్టు పేరు,
లోపల పదకొండు మార్గశిరాలు.

బసవపున్నయ్య, దిగువ చేను, రెండుంబావు గంట.
మరియమ్మ, కౌలు ఎకరం, నలభై నిమిషాలు,
డీజిలు మందమే తీసుకున్నా.
కాలవ కింద ఖాజావలి, పడిన చేను, మూడు గంటలు, బాకీ.
ఆ బాకీ మీద నా చేత్తోనే అడ్డగీత.
ఆ ఏడు తుఫాను నా చేనునీ
అడక్కుండానే పడుకోబెట్టింది.

లెక్క చెబితే నవ్వుతారు.
ఏడాదికి ఇరవై రెండు రోజులు కోత,
తక్కిన రోజులన్నీ టార్పాలిన్ కింద
ఎలుకల కాపురం.
ఒక ఏడు వైర్లు కొరికాయి, ఒక ఏడు సీటు.
ఇంకో ఏడు బెల్టు తెగి
దుగ్గిరాలలో దొరక్క, తెనాలిలో దొరక్క
బెజవాడ ఆటోనగర్ వెళ్ళి మెడలో వేసుకొచ్చాను.
బస్సులో పక్కవాళ్ళు పామనుకున్నట్టు జరిగారు.

అయినా ఆ సీటులో ఎక్కి కూచుంటే
ఎనిమిదడుగుల ఎత్తు నించి
ఎవరి చేను వాళ్ళ మొహంలా కనపడేది.
ఎవరు యూరియా ఎక్కువ చల్లారో,
ఎవరు కలుపుకి కూలీలు దొరక్క వదిలేశారో.
చూసినవి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కోతలకి సేలం వైపు నించి
లారీల మీద మిషన్లు దిగుతున్నాయి,
ఒక్కోదానికి ఇద్దరేసి డ్రైవర్లు.
గంటకి నాకంటే రెండొందలు తక్కువ.
వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకీ కిస్తీలుంటాయి.
నిరుడు మా ఊరు
నా మొహం మీద చెప్పలేక
రాత్రిపూట కోయించుకుంది,
నేను చప్పుడుకి లేవననుకుంది.

మంచంలోంచే చెప్పగలను
అది ఎవరి చేలో తిరుగుతోందో,
నేలలో తడెంతో,
కట్టరు బారులో పళ్ళు ఎంత మొండివో.

ఆటోనగర్ షెడ్డులో కొనేవాడు
గొలుసు పట్టాలు తట్టాడు,
గింజల తొట్టిలోకి తొంగి చూశాడు.
అడుగున మూలకి ఇరుక్కున్న వడ్లు
మొన్నటి వానకి మొలకెత్తాయి,
రెండంగుళాలు, తెల్లగా.
"కడిగించలేదా?" అన్నాడు.
పదివేలు తగ్గించాడు.
బేరమాడలేదు నేను.
ఆ మొలకల్ని గుప్పెట్లో పీకి
షెడ్డు బయట, నూనె మరకల మట్టిలో పారేశాను.
నాటానని చెప్పను. పారేశాను.

వారధి దాటకముందే బస్సులో నిద్రపట్టింది.
కోతల ముందు పగటి నిద్ర
పదకొండేళ్ళలో అదే.

ఈసారి నా చేనుకి నేనే మిషన్ చెప్పుకున్నాను.
వరసలో పధ్నాలుగోవాణ్ణి.
తెల్లారుఝామున మూడింటికొచ్చింది.
కుర్రాడు పేరు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు.
రామతులసి అప్పటికే కొడవలి పుచ్చుకుని
నాలుగు మూలలూ కోసిపెట్టింది,
మిషన్ తిరగడానికి చోటుండాలని.
అందరి చేలల్లో "మూలలు కోశారా?" అని అరిచినవాణ్ణి,
మా మూలలు ఎవరు కోస్తున్నారో
ఎప్పుడూ పైనించి చూడలేదు.

గట్టు మీద నించున్నాను.
చేతులేం చెయ్యాలో తెలీలేదు.
మూడో చుట్టులో ఎడం పక్క బేరింగు ఏడ్చింది.
చెప్పబోయి ఊరుకున్నాను.
మళ్ళీ వచ్చినప్పుడు చెయ్యెత్తాను.
వాడి భాష రాదు, చెవి చూపించాను.
ఇంజను తగ్గించి విన్నాడు,
దిగాడు, గ్రీజు పెట్టాడు,
నా వంక ఓసారి చూసి
మళ్ళీ ఎక్కాడు.

గంటా నలభై నిమిషాలు.
వాడు ఫోన్లో నొక్కుకున్నాడు.
నేనింటికొచ్చి పుస్తకం తీసి
ఖాళీగా ఉన్న చోట రాశాను:
సొంత చేను, నిలబడిన పైరు, గంటా నలభై.
డబ్బు ఇచ్చేశాను.

పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి
కింద ఇంకో వరస రాశాను:
రామతులసి, నాలుగు మూలలు, పదకొండేళ్ళు.
బాకీ.