రెండు వత్తులు

చెంప కింద ఎర్ర బిళ్ల.
తెర మీద పసుపు గడి వరుస వెంట వరుస దిగుతుంటది.
'క' వరుస దాటింది, 'చ' వరుస దాటింది,
నా మెడ నా మాట వినేసరికి
'ట' కాడ ఆగాల్సింది 'త' కాడికి పోయింది.
మళ్లా మొదటికి.
వంతెన లేని రోజుల్ల ప్రాణహిత గట్టు మీద
పడవ తప్పిన మనిషి లెక్క కూసుంట.
అవతలి ఒడ్డుకు పోయింది రాక మానదు.

పేరు పెట్టిన మేనత్తకు ఏం ఎరుక,
వజ్రక్క అట.
రెండు వత్తులు.
ఒక్కో వత్తుకు నాలుగు చుట్లు.
పేరు పూర్తయ్యేసరికి
కుక్కర్ మూడు కూతలు కూసింది, దవడ పట్టేసింది,
సడవలి చప్పట్లు కొట్టిండు.
మంచిర్యాల నుంచి వచ్చి తెలుగు ఎక్కించింది వాడే.
నాగపూర్ల ఇచ్చిననాడు దీంట్ల
మరాఠీ ఉండె, హిందీ ఉండె,
మా ఇంట్ల తిట్టుకునే భాష లేకుండె.

యంత్రానికి తొందరెక్కువ.
'నీ' అని ఆగితే చాలు, నీళ్లా? అంటది.
'నొ' అంటే నొప్పి. 'ని' అంటే నిద్ర.
మంచం మీది మనిషికి ఇంతకన్న ఏం పని అని
ఎవడో ముందే రాసిపెట్టిండు.
వద్దు, వద్దు, వద్దనుకుంట
నీరుకాకి దాకా పోయిన.
నాలుగోనాటి నుంచి అదే అడుగుతంది:
నీరుకాకా?
నవ్వొచ్చి మెడ జారి
ఎక్కడో ఒక 'ఢ' పడ్డది.

సిరోంచ తహసీల్ ఆఫీసుల
బతికున్నట్టు ఏటా ఒక కాగితం కావాలె.
అన్న నా పిడికిలి విప్పి బొటనవేలు అద్దేది,
సిరా మోచేతి దాకా.
ఈసారి, ఆగు అన్నట్టు చూసిన.
గుమస్తా గడియారం చూసిండు. లైను గొణిగింది.
'ఉ' పడంగనే, ఉప్పా? అన్నది యంత్రం.
కాదే తల్లీ.
ఉన్న.
వార్తలు చదివే ఆమె గొంతుతోటి డబ్బా గట్టిగ పలికింది.
"కాయ్ మ్హణతే?" అన్నడు గుమస్తా.
వెనక గొంగడి కప్పుకున్నాయన,
తునికాకు కట్టల ముసలామె,
పేరు తెలవని ఇద్దరు బడిపిల్లలు
ఒక్కసారే:
"ఆహే మ్హణతే సాహెబ్, ఆహే!"
వేలిముద్ర మాత్రం వేయించుకున్నడు.

రాత్రి అవ్వ పక్కన కూసుంటది.
చదువు రాదు.
ముప్పై నాలుగేండ్లు నా కండ్లల్లకు చూసి
ఉప్పు తక్కువైందో, దోమ కుట్టిందో, ఎవరి మీద కోపమో
చెప్పేది. సగం తప్పులే.
ఇప్పుడు నన్ను చూడది, తెరను చూస్తది.
పసుపు గడి వెంబడి ఆమె తల కూడ దిగుతుంటది.
"ఏం రాస్తున్నవు బిడ్డా?"

కరెంటు పోయింది.
బ్యాటరీ వెలుగు ఇద్దరి మొఖాల మీద.
'అ' వరుస వచ్చింది.
పోనిచ్చిన.
బిళ్ల మీదికెల్లి చెంప తీసి
మెల్లగ ఆమె దిక్కు తిరిగిన.
చాన సేపు చూసింది.
"దోమనా?" అన్నది.

కాదు.