నలభై మూడోది

కొత్త కెర్నెల్ దిగిన ప్రతిసారీ
పాత అతుకులన్నీ విప్పి
లెక్క చూసుకోవడం నా పని.
మాదాపూర్‌లో ఆరో అంతస్తు. రాత్రి పన్నెండున్నర.
సర్వర్ల గది చలికి చున్నీ చెవులదాకా లాక్కుని
రిజిస్టరు తెరుస్తాను.

నవ్వుతారు మావాళ్లు,
గిట్ ఉండగా ఈ కాగితాలెందుకని.
గిట్‌కి ఏ వరుస మారిందో తెలుసు,
ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టలేదో తెలియదు.

మొత్తం నలభై మూడు.
ముప్పై ఎనిమిదింటిని అసలు కెర్నెల్‌వాళ్లే కలిపేసుకున్నారు.
"చేరింది" అని రాసి గీత కొట్టాను, ఇక మన మోత కాదు.
నాలుగింటికి యంత్రాలే పోయాయి.
మిగిలింది ఒక్కటి.
మూడంటే మూడు వరుసలు,
టైమర్ దగ్గర ఊపిరి పీల్చుకునేంత ఆగుడు.
కారణం ఉండాల్సిన చోట
"తీయకండి. జలంధర్."

తీసి చూశాను.
పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి.
ఆ పచ్చదనానికే భయమేసింది.

జలంధర్‌కి ఇప్పుడు రాణిగంజ్‌లో
మోటార్ వైండింగ్ షాపు.
పొద్దున ఫోన్ చేస్తే వెనకాల సుత్తి చప్పుడు.
"యాదికి లేదు మేడం.
గానీ ఉత్తగనే ఎందుకేస్త?
ఏదో ఒకటి కాలుంటది."

ఎప్పుడో చిన్నప్పుడు
నాన్న కోటు రఫూకని పత్తర్‌గట్టీ సందులోకి వెళ్లాం.
కాలిన చోటు ఎక్కడో వెతికినా దొరకనట్టు అల్లాడు గౌస్ మియా,
అల్లి, లోపలి మడతలో
ఒక్క ఎర్రదారప్పోగు వదిలేశాడు.
నేను దాన్ని పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ బేటా, రేపు విప్పేటోనికి తెల్వాలె గదా."

మూడు వరుసలూ తిరిగి పెట్టేశాను.
పెన్ను మాత్రం కారణం గడి దగ్గర ఆగిపోయింది.
కింద రోడ్డు మీద, మొన్న తారు పోసి పూడ్చిన గుంత
రాత్రి వానకి మళ్లీ నోరు తెరిచింది.
ఆటోవాళ్లు దాన్ని తప్పించుకుంటూ
గుర్తుపెట్టుకుంటున్నారు.

మధ్యాహ్నం జలంధరే ఫోన్ చేశాడు.
"మేడం, ఆ దినం మస్తు వాన పడ్తుండె.
గంతే యాదికొచ్చింది."
ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు ఆగాను.
అవతల ఎవరో బేరమాడుతున్నారు.

నలభై మూడో వరుసలో
కారణం అన్న గడిలో
వాన అని రాసి,
కింద నా పేరూ తేదీ వేశాను.