అటక మీద ఉందా?

నవంబరు నుంచే మొదలవుతుంది నాకీ తలనొప్పి.
రౌమా ఊళ్లో మధ్యాహ్నం మూడున్నరకే
వీధి దీపాలు వెలిగే రోజుల్లో
ఉన్ని బట్టల కొట్టు ముందు నిలబడి
అద్దంలో కనిపించే నా మొహాన్నే అడుగుతుంటాను:
అన్నీ ఉన్నవాళ్లకి ఏం కొనాలి?

మా అత్తగారు ఐలికి ఎనభై రెండు.
మామగారు తౌనోకి ఎనభై ఆరు,
ఆయన లెక్కలో ఎనభై అయిదున్నర.
ఇంట్లో కాఫీ కెటిళ్లు నాలుగు.
కిటికీకి థర్మామీటర్లు మూడు,
మూడూ మూడు రకాల చలి చెబుతాయి.
మధ్యదాన్ని నమ్మాలట.

నిరుడు ఇచ్చిన ఉన్ని చెప్పులు
ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, కాగితం మడత చెదరకుండా.
"మంచివి కదమ్మా, తొడిగితే అరిగిపోవూ!"
అంతకు ముందేడు ఇచ్చిన తేనె సీసా
ఈస్టరుకి మా ఇంటికే తిరిగొచ్చింది
కొత్త రిబ్బను కట్టించుకుని.
యర్నోని అడుగుతాను, వాళ్లు కన్న కొడుకే కదా అని.
ఫోన్లోంచి తలెత్తకుండా "సాక్సులు" అంటాడు.
పెళ్లయి పదకొండేళ్లు.
పదకొండుసార్లు సాక్సులు.

ఈసారి సిగ్గు విడిచి వాళ్లనే అడిగేశాను.
ఎండు ప్లమ్ జాము పెట్టిన నక్షత్రాలు
ట్రేలో పేరుస్తూ "మాకేం లోటు" అంది ఆవిడ.
"అన్నీ ఉన్నాయి" అన్నాడాయన.
కాసేపాగి, మధ్య థర్మామీటరు వైపు చూస్తూ,
"కాకపోతే, అన్నీ పైనున్నాయి."

పైన అంటే అటక.
ఆయన తుంటి విరిగిన ఏడు
డాక్టరు ఎక్కొద్దన్నాడు.
మొగుడి మాట మీద నమ్మకం లేక
ఆవిడ నిచ్చెననే పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.
ఆ చెక్కమూత తెరుచుకుని ఏడేళ్లు.

క్రిస్మస్ ముందురోజు,
సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చాక,
ఆవిరి స్నానానికి పొయ్యి వేడెక్కేలోపు,
పక్కింటికెళ్లి ఆ నిచ్చెన అడిగి తెచ్చాను.
ఎర్ర రిబ్బను కూడా కట్టాను దానికి.
ఇద్దరూ వంటింటి కుర్చీలు లాక్కొచ్చి
కాఫీ కప్పులతో నిచ్చెన మొదట్లో కూర్చున్నారు
నాటకానికి టిక్కెట్టు కొన్నవాళ్లలా.

పైన చలి. బూజు. టార్చిలైటు.
కింది నుంచి మామగారి గొంతు:
"ఎడమ పక్క మేకుకి తాడుందా?"
ఉంది.
"దించనా?"
"వద్దొద్దు. ఉంటే చాలు."

ఆకుపచ్చ ట్రంకు? ఉంది.
పడవ తెడ్లు? రెండూ ఉన్నాయి.
మీ అమ్మగారి మగ్గం? ఉంది, పళ్లు ఊడి.
పెళ్లినాటి కర్టెన్లు? ఎలుకలు కొట్టాయి.
"అమ్మయ్య" అంది అత్తగారు,
"నాకెప్పుడూ నచ్చలేదవి."
బడిలో హాజరు పిలుస్తున్నట్టు ఒక్కో పేరూ,
సామాన్లన్నిటి తరఫునా నేను పలుకుతున్నాను.
ఏదీ దించమనరు.
ప్రతి "ఉంది"కీ కింద ఒక గుక్క కాఫీ.

"యర్నో ఎర్ర స్లెడ్జి ఉందా?"

టార్చి మూడుసార్లు తిప్పాను.
దాని సంగతి నాకు తెలుసు.
పన్నెండేళ్లప్పుడు గడ్డకట్టిన సముద్రం మీద విరగ్గొట్టి
మంచు కన్నంలోకి తోసేశాడట.
ఇంట్లో చెప్పొద్దని పెళ్లికి ముందే ఒట్టు వేయించుకున్నాడు.
మోకాళ్ల మీద, దుమ్ములో, ఎంతసేపున్నానో.
"కనబడ్డం లేదు" అన్నాను చివరికి.

కింద నిశ్శబ్దం.
తర్వాత ముసలాయన దగ్గు, దగ్గులోంచి నవ్వు:
"మంచుకన్నం సంగతి మాకా రాత్రే తెలుసు.
నీకు చెప్పాడా లేదా అని."

దిగొచ్చాను, జుట్టు నిండా బూజుతో.
అత్తగారు తన ఏప్రనుతో దులిపి
అరచేతిలో వేడి నక్షత్రం పెట్టింది.
నిచ్చెన రిబ్బను విప్పి, ఉండ చుట్టి,
సొరుగులో దాచుకుంది.
అప్పుడు, మొగుడికేసి ఓసారి చూసి,
నెమ్మదిగా అంది:

"వచ్చే ఏటికి నేలమాళిగ ఉంది."