బోణీ

అరుగు ఎంత ఎత్తు? అడిగాడు మేస్త్రీ దస్తగీరు.
నిరుడు మూసీ ఎక్కడిదాకా వచ్చిందో
గోడమీది బురదగీత చూపించాను.
దాని పైన ఇంకో మూరెడు.

సున్నం ఆరకముందే సరుకు దిగింది.
సోమ్లా ఎద్దుల మీద బందరు ఉప్పు,
దారిలో వానకు సగం కరిగి;
చింతపండు, ఆముదం, ఇంగువ,
ఎవరు కొంటారో తెలియని బస్తాడు జాజికాయ.
తక్కెడ వేలాడదీస్తే
ఖాళీగానే ఒక పక్కకు ఒరిగింది.
తాడు సరిచేస్తూ మా ఆవిడ
"దీనికప్పుడే ఆశ పుట్టింది" అంది.

పసుపు రాసిన చిట్టా తెరిచి
బోణీకి కూర్చున్నాను.
బేగంబజారంతా చూసిపోతోంది, ఆగేవాడు లేడు.

చివరికి దస్తగీరే వచ్చాడు.
చేతులకింకా సున్నం.
శేరు జొన్నలు, గిద్దెడు నూనె.
"రాసుకో శెట్టీ" అన్నాడు.

అతని కూలి నేనింకా ఇవ్వనేలేదు.
మొదటి పుటలో
ఎవరి బాకీ రాయను?