ఖరీఫ్

ఆదం దగ్గరనే ఏసీ చచ్చింది.
లింబాద్రి స్టీరింగు మీద తడిగుడ్డ ఏసి నడుపుతుండు.
వెనక, నాకూ నీళ్ళ క్యానుకూ నడుమ
బైసా.
క్యాంపు కంచె కింద దొరికిన కుక్క,
నాలుక మొత్తం బయటనే.

హైమా బంకుల మూడు పరాటాలు
నాలుగు వంతులైనయ్.

తుమ్రైత్ దాటి ఘాట్ దిగుతుంటే
అద్దం మీద చుక్క.
వైపర్ బటన్ యాడుందో లింబాద్రికి యాదికి రాలే.
ఎండిన రబ్బరు కీసుమన్నది.

"సలాలా ఖరీఫ్," అన్నడు యాకూబ్
వరి పేరు చెప్పినట్టు.

బైసా దిగి తుంపర మీద మొరిగింది.
వెనక్కి జరిగి మళ్ళ మొరిగింది.
ముక్కు మీది తడిని కొరకబోయింది.

వాన వీడియో తీద్దామని ఫోన్ తీసిన.
"ఎవలకు పంపుతవ్ రా?
జూలైల మనూర్లె పడేదీ ఇదే గద."

ఫోన్ కుక్క దిక్కు తిప్పిన.